వృత్తానికి మూడు బిందువులే ఎందుకు?: ఇటలీ జ్యామితి మన దాకా వచ్చిన దారి

పదిహేనేళ్ల కిందటి మాట. నెల్లూరులో ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు శాంకవాలు చెబుతున్నాను. శాంకవం సమీకరణంలో ఆరు గుణకాలుంటాయి, అన్నింటినీ ఒకే సంఖ్యతో గుణించినా ఆకారం మారదు, కాబట్టి మన చేతిలో ఉన్న స్వేచ్ఛ అయిదు. ఏ నాలుగూ ఒకే గీత మీద లేని అయిదు బిందువులిస్తే వాటి గుండా పోయే శాంకవం ఒక్కటే అని బోర్డు మీద రాశాను. మైపాడు దగ్గరి పట్టపుపాలెం నుంచి రోజూ బస్సులో వచ్చే కుర్రాడు లేచాడు. "వృత్తం గూడా శాంకవమే అంటిరి గదా సార్. మరి దానికి మూడు చుక్కలే చాలేదెట్టా?"

ఆ రోజు నేను చెప్పిన జవాబు తప్పు కాదు గాని, సగమే. వృత్తం సమీకరణంలో రెండు వర్గ పదాల గుణకాలు సమానం, రెండు చరరాశుల లబ్ధం ఉన్న పదం ఉండదు. అలా రెండు స్వేచ్ఛలు ముందే పోయాయి, అయిదులో రెండు పోతే మూడు, అన్నాను. కుర్రాడు కూర్చున్నాడు గాని వాడి ముఖంలో సందేహం తీరలేదు. వాడు అడిగింది గుణకాల సంగతి కాదు. మిగతా రెండు చుక్కలు ఏమయ్యాయని అడిగాడు.

ఆ రెండు చుక్కలు నిజంగానే ఉన్నాయి. సమతలానికి అనంత దూరంలో ఒక గీతను చేర్చి, సంకీర్ణ సంఖ్యల్ని కూడా బిందువుల నిరూపకాలుగా ఒప్పుకుంటే, లోకంలోని ప్రతి వృత్తమూ ఆ గీత మీది రెండు నిర్దిష్ట బిందువుల గుండా పోతుంది. 19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో పోన్‌స్లే ఆ చూపు తెచ్చాడు. అంటే వృత్తానికీ అయిదు బిందువులే కావాలి. రెండు అందరికీ ఉమ్మడి, మూడు మనం ఇచ్చుకునేవి. రెండు శాంకవాలు నాలుగు చోట్ల కలవాలి గదా, వృత్తాలు రెండు చోట్లే కలుస్తాయేమన్న చిక్కు కూడా ఇక్కడే విడిపోతుంది.

"ఇన్ని బిందువుల గుండా పోవాలి" అన్న కోరిక ఎన్ని స్వతంత్రమైన నిబంధనలు పెడుతుంది? దీన్ని పోస్ట్యులేషన్ లెక్క అంటారు. శాంకవాల దగ్గర తేలిగ్గా కనిపించే ఈ ప్రశ్న ఒక్క మెట్టు ఎక్కగానే మొండికేస్తుంది. మూడో ఘాతం వక్రానికి పది గుణకాలు, తొమ్మిది స్వేచ్ఛలు. తొమ్మిది బిందువులిస్తే ఒక్క వక్రమే రావాలి. కాని అలాంటి రెండు వక్రాలు తొమ్మిది చోట్ల కలుస్తాయి. ఆ తొమ్మిది బిందువుల గుండా రెండేమిటి, లెక్కలేనన్ని పోతాయి. కారణం, ఎనిమిది బిందువుల గుండా పోయినది తొమ్మిదోదాని గుండా పోక తప్పదు. తొమ్మిది బిందువులు పెట్టింది ఎనిమిది నిబంధనలే. బిందువుల్ని లెక్కపెడితే చాలదు, అవి ఒకదాన్నొకటి ఎంత పట్టుకుని ఉన్నాయో చూడాలి.

ఈ చూపును ఒక దేశపు గణితమంతా ఊపిరిగా చేసుకున్న కాలం ఒకటుంది: 1860ల నుంచి 1930ల దాకా ఇటలీ. ఆ పాఠశాల బీజీయ జ్యామితికి ఏమిచ్చింది, ఇచ్చినదాంట్లో నిలిచిందెంత అన్న ప్రశ్న మీద ఇప్పటికి చాలా చర్చ జరిగింది. చాలామంది తీర్పు ఒక్క మాటలో ముగుస్తుంది: ఊహ గొప్పది, నిరూపణ బలహీనం, అందుకే కూలింది. ఈ తీర్పు నాకు అసంపూర్ణంగా తోస్తుంది. ఒక పాఠశాల ప్రభావాన్ని అది రాసిన నిరూపణలతో కొలిస్తే ఒక అంకె వస్తుంది, అది వదిలిపెట్టిన ప్రశ్నలతో కొలిస్తే మరో అంకె వస్తుంది. రెండో కొలత ప్రకారం చూస్తే ఆ గీత హైదరాబాద్ దాకా సాగుతుంది. అందుకే ఈ వ్యాసం.

మొదలు లుయీజీ క్రెమోనా. 1863, 1865ల్లో ఆయన సమతలాన్ని సమతలంలోకే మార్చే పద్ధతుల్ని వర్గీకరించాడు. గీతలు వక్రాలవుతాయి, అయినా దాదాపు ప్రతి బిందువుకూ తిరుగుదారి ఉంటుంది. ఆ తరవాత ట్యూరిన్‌లో కొర్రాదో సెగ్రె. ఇరవై ఏళ్లకే, 1883లో, ఎన్ని మితులైనా ఉన్న ప్రదేశంలో రెండో ఘాతం ఆకారాల మీద, మూడు మితుల్లోని గీతల జ్యామితి మీద పరిశోధన పత్రం ఇచ్చాడు. ఆయన దగ్గరికి చేరినవాడు గ్విదో కాస్తెల్నువొవో. తరవాత రోములో కాస్తెల్నువొవోకు 1892లో ఫెదెరిగో ఎన్రీక్వెస్ తోడయ్యాడు. ఇద్దరూ రోము వీధుల్లో నడుస్తూ తలాల గురించి మాట్లాడుకున్న సంగతి కాస్తెల్నువొవోయే తరవాత గుర్తు చేసుకున్నాడు. ఊహలోనే నమూనాలు చేసి రెండు అలమరల్లో పెట్టుకునేవారట. ఒకదాంట్లో క్రమమైన తలాలు, ఇంకోదాంట్లో మాట వినని తలాలు. ఆ స్నేహం నుంచి వచ్చిందే బీజీయ తలాల వర్గీకరణ. దాన్ని 1960ల్లో కొదైరా కొత్త పనిముట్లతో మళ్లీ కట్టినప్పుడు గోడలు మారాయి గాని ఇంటి ప్లాను మారలేదు.

ఫ్రాన్చెస్కో సెవెరి వీళ్లకు తరవాతివాడు, సెగ్రె శిష్యుడు. 1879లో అరెత్సోలో పుట్టాడు, 1961లో రోములో పోయాడు. చర్చంతా చివరికి ఈయన చుట్టూ తిరుగుతుంది. ఎందుకంటే గొప్ప పనీ, పెద్ద పొరపాట్లూ రెండూ ఈయన పేరు మీదే ఉన్నాయి.

పొరపాట్ల సంగతి దాచనక్కర్లేదు. ఒక తలం మీది వక్రాల సరణి పూర్తిగా ఉందా లేదా అన్న మూల సిద్ధాంతానికి 1904 ప్రాంతంలో ఎన్రీక్వెస్, ఆ వెంటనే సెవెరి ఇచ్చిన బీజీయ నిరూపణలు నిలబడలేదు. సిద్ధాంతం మాత్రం నిజం. 1910లో ప్వాంకరే విశ్లేషణ దారిలో నిరూపించాడు. శుద్ధ బీజీయ నిరూపణ గ్రోథెండీక్ పనిముట్లు వచ్చాక, 1966లో మమ్‌ఫర్డ్ పుస్తకం దాకా ఆగింది. తమను తాము ఖండించుకునే బిందువులు నిర్ణీత సంఖ్యలో ఉన్న సమతల వక్రాల కుటుంబం ఒకే ముక్క అని 1921లో సెవెరి చెప్పినదాంట్లో ఖాళీ ఉంది. 1986లో జో హారిస్ దాన్ని పూడ్చాడు. అదీ నిజమే అయింది. తలాల మీది బిందు సమూహాల గురించి ఆయన నమ్మినవి కొన్ని మాత్రం అబద్ధాలే. 1968లో మమ్‌ఫర్డ్ ఆ సంగతి తేల్చాడు.

మనిషిగా సెవెరిని సమర్థించే పని నేను పెట్టుకోను. 1925లో ఫాసిజానికి వ్యతిరేకంగా సంతకం చేసినవాడు తరవాత ఆ ప్రభుత్వానికే ఆప్తుడయ్యాడు. 1938 జాతి చట్టాలు వచ్చి ఎన్రీక్వెస్, ఫానో, బెనియమీనో సెగ్రె వంటి యూదు గణితజ్ఞుల్ని ఉద్యోగాల నుంచి వెళ్లగొట్టినప్పుడు, 1939లో కొత్తగా పుట్టిన జాతీయ గణిత సంస్థకు సెవెరి అధిపతిగా కూర్చున్నాడు. అదే రోములో డెబ్బయి అయిదు దాటిన కాస్తెల్నువొవో, చదువు మూసేసిన యూదు పిల్లల కోసం 1941 నుంచి రహస్యంగా కళాశాల పాఠాలు నడిపించాడు. ఈ రెండు పేర్లూ పక్కపక్కన వచ్చినప్పుడల్లా నా మనసు కాస్తెల్నువొవో వైపే పోతుంది. గణితం పాఠశాలగా ఎలా నిలుస్తుందో ఆయన చేసి చూపించాడు.

అయినా నేను అనుసరించదలచిన గీత సెవెరి దగ్గరే మొదలవుతుంది, ఎందుకంటే అక్కడి పని గట్టిది.

మూడు మితుల ప్రదేశంలో గీతలన్నింటినీ ఒక కుప్పగా ఊహించండి. ప్రతి గీతకూ ఆరు అంకెలు కట్టవచ్చు; ప్లూకర్ నిరూపకాలు వాటి పేరు. నాలుగింటిలోంచి రెండేసి చొప్పున ఏరితే వచ్చే ఆరు జంటలు, 12, 13, 14, 23, 24, 34, వాటి గుర్తులు. ఈ ఆరూ విడివిడిగా ఇష్టమొచ్చినట్టు ఉండలేవు. 12, 34ల లబ్ధం నుంచి 13, 24ల లబ్ధం తీసేసి 14, 23ల లబ్ధం కలిపితే సున్నా రావాలి. అంటే గీతలన్నీ కలిసి అయిదు మితుల ప్రదేశంలో రెండో ఘాతం ఆకారమొకటి అవుతాయి. గీతల బదులు ఇంకా పెద్ద మితుల సమతలాల్ని తీసుకుంటే వచ్చే ఆకారాల్ని గ్రాస్‌మన్ పేరుతో పిలుస్తారు. 1915లో సెవెరి ఈ ఆకారాల మీద ఒక దీర్ఘ వ్యాసం ప్రచురించాడు. గ్రాస్‌మన్ ఆకారం మీద ఒక మితి తగ్గిన ఏ ఉప ఆకారాన్నయినా ఒకే ఒక్క సమీకరణంతో కోసి తీయవచ్చని అందులో చూపాడు. గోళం మీది వక్రాలకు కూడా లేని సుళువు ఇది. అంతకు పుష్కరం ముందే పోస్ట్యులేషన్ ప్రశ్నల మీద విడిగా రాసినవాడు కూడా ఆయనే.

ఆకారాన్ని ఒక సమీకరణం కోస్తుంది సరే, అలాంటి సమీకరణాలు ఎన్ని? మా కుర్రాడి ప్రశ్నే, కాస్త పెద్దదయింది. 1943లో ఇంగ్లాండులో హాజ్ దీనికి ముచ్చటైన జవాబిచ్చాడు. గీతల ఉదాహరణతోనే చూద్దాం. ఆరు నిరూపకాలతో రెండో ఘాతం ఏకపదులు 21. వాటి మధ్య పైన చెప్పిన సంబంధం ఒకటుంది. కాబట్టి స్వతంత్రమైనవి 20. ఏ ఒక్కదాన్ని వదిలేయాలి? జంటల్ని ఒకదాని కింద ఒకటి రాయండి. 12 కింద 34 రాస్తే ప్రతి నిలువు వరసలోనూ అంకె పెరుగుతుంది. 13 కింద 24 రాసినా అంతే. 14 కింద 23 రాస్తే మొదటి వరసలో ఒకటి నుంచి రెండుకు పెరిగి, రెండో వరసలో నాలుగు నుంచి మూడుకు తగ్గుతుంది. పొత్తు కుదరని జంట అదొక్కటే, దాన్ని వదిలేయాలి. వరసలు తగ్గకుండా అమరిన వాటిని ప్రామాణిక ఏకపదులు అన్నారు. ఎంత పెద్ద గ్రాస్‌మన్ ఆకారమైనా, ఏ ఘాతమైనా, ప్రామాణిక ఏకపదుల్ని ఏరుకుంటే సరిగ్గా సరిపోతాయని హాజ్ సిద్ధాంతం. జ్యామితి ప్రశ్నకు జవాబు గళ్లలో అంకెలు పేర్చే ఆటగా మారింది.

ఈ లెక్కలోంచి ఇంకొక మణి రాలుతుంది. గీతల ఆకారం మీద మ-వ ఘాతం సమీకరణాలు ఎన్ని అంటే (మ+1)(మ+2)²(మ+3)/12. మ ఒకటైతే 6, రెండయితే 20, మూడయితే 50. గుణించి విప్పితే పెద్ద పదం మ నాలుగో ఘాతాన్ని పన్నెండుతో భాగించినది. గీతల ఆకారం మితులు నాలుగు కాబట్టి నాలుగు క్రమగుణితం, అంటే 24తో గుణించండి. 2 వస్తుంది. ప్రదేశంలో నాలుగు గీతల్ని ఇష్టమొచ్చినట్టు పడేస్తే, ఆ నాలుగింటినీ తాకే గీతలు ఎన్ని? రెండు. షూబర్ట్ 1879 నాటి తన పుస్తకంలో లెక్కించిన తరహా అంకె ఇది. ఆ లెక్కల విధానానికి గట్టి పునాది వేయమని 1900లో హిల్బర్ట్ తన 15వ సమస్యగా అడిగాడు. సమీకరణాల్ని లెక్కపెట్టిన సూత్రం కడుపులోనే గీతల లెక్క కూడా కూర్చుని ఉంది. దీన్ని మొదటిసారి చేతితో వేసి చూసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక్కడి నుంచి దారి మన వైపు తిరుగుతుంది. హాజ్ నిరూపణ సంకీర్ణ సంఖ్యల లోకానిది. ఏ సంఖ్యల మీదనైనా, ఒక ప్రధాన సంఖ్యతో భాగిస్తే వచ్చే శేషాల మీదనైనా అది నిలుస్తుందా? 1954లో ఇగూసా గ్రాస్‌మన్ ఆకారాల విషయంలో ఒక భాగాన్ని తేల్చాడు. గ్రాస్‌మన్ ఆకారాల లోపలి షూబర్ట్ ఆకారాలకు పోస్ట్యులేషన్ సూత్రాన్ని, దానితో పాటు వాటి అంకగణిత లక్షణాల్ని 1972లో జర్నల్ ఆఫ్ ద ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీలో ప్రచురించినవాడు చిటికిల ముసిలి. బొంబాయి టాటా సంస్థలో శేషాద్రి శిష్యుడు, తరవాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి పాఠం చెప్పినవాడు. అదే సమయంలో అమెరికాలో హాక్‌స్టర్, యూరప్‌లో లాక్సోవ్ విడివిడిగా ఇదే శిఖరానికి చేరారు. ముసిలి దారి హాజ్ ఏకపదుల దారి. ఆయన వ్యాసం పేరులోనే ఇటలీ వాళ్ల చేతుల్లో ఎన్నో ఏళ్లు నలిగిన పోస్ట్యులేషన్ మాట ఉంది.

ముసిలి ఆ పద్ధతిని మళ్లీ శుభ్రంగా తీర్చి పెట్టాక శేషాద్రికి పెద్ద ఊహ వచ్చింది. గ్రాస్‌మన్ ఆకారం ఒక పెద్ద కుటుంబంలో ఒక బిడ్డ మాత్రమే. సమరూపతల సమూహం ఏదయినా తీసుకుని తగిన ఉపసమూహంతో భాగిస్తే వచ్చే ఆకారాలన్నీ, గణితజ్ఞులు జి బై పి అని పిలిచేవన్నీ, ఇదే ఆటకు లొంగాలి గదా? 1978లో శేషాద్రి ఒంటరిగా మొదటి భాగం రాశాడు. తరవాతి భాగాల్లో లక్ష్మీబాయి, ముసిలి కలిశారు. ఆ వరస 1980ల దాకా సాగింది. కొన్ని ఆకారాల దగ్గర పాత అంకెల పేర్పు చాలలేదు, ఒకే గడిలో రెండు గుర్తులు పెట్టాల్సి వచ్చింది. ఆ జంట గుర్తుల వెనక ఉన్న రహస్యాన్ని 1990ల్లో లిటెల్‌మాన్ బాటల నమూనాగా విప్పాడు. ఇప్పుడు ప్రాతినిధ్య సిద్ధాంతంలో అది నిత్య పనిముట్టు.

ఇటలీ వాళ్ల నిరూపణల్ని చూపి తల ఆడించేవారికి ఈ కథలోనే ఒక సంగతి చెప్పాలి. 1974లో ఫ్రాన్సులో దెమజూర్, అత్యాధునిక పరిభాషతో, ఈ షూబర్ట్ ఆకారాల మీద ఒక సూత్రాన్ని ప్రచురించాడు. అందులో ఒక మెట్టు సరిగా లేదని కొన్నేళ్లకు విక్టర్ కాట్స్ పట్టుకున్నాడు. సరిదిద్దినవాళ్లలో శేషాద్రి ఒకరు. మెహతా, రమణన్, రామనాథన్‌ల పద్ధతి మరొకటి. సూత్రం నిజమే అని తేలింది. అప్పటికి సెవెరి పోయి ఇరవై ఏళ్లు దాటింది. పొరపాటు ఇటలీ సొత్తు కాదు. ఇటలీ వాళ్ల లోపం వేరే చోట ఉంది: తప్పును తప్పని అనగల బలం ఆ పాఠశాలలో 1930ల నాటికి ఎవరికీ మిగలలేదు, పెద్ద గొంతు ఒక్కటే వినిపించేది. బొంబాయిలో తప్పు బయటపడితే పనిగా మారింది.

బొంబాయికి ఇటలీ నుంచి మరో దారి కూడా ఉంది, అది మనుషుల దారి. 1920ల్లో రోములో కాస్తెల్నువొవో దగ్గర చదివిన జారిస్కి అమెరికా వెళ్లి, 1935లో ఇటలీ తలాల సిద్ధాంతాన్నంతా ఒక పుస్తకంగా రాశాడు. రాస్తూ ఉండగానే పునాదులు చాలవని గ్రహించి, మిగిలిన జీవితం బీజగణితంతో వాటిని మళ్లీ వేయడానికి ఇచ్చాడు. ఆయన శిష్యుడు మమ్‌ఫర్డ్ 1967-68లో టాటా సంస్థలో ఉన్నాడు. అక్కడ ఆయన ఇచ్చిన ఉపన్యాసాలే, సి.పి. రామానుజం నోట్సు సాయంతో, 1970లో వచ్చిన అబీలియన్ ఆకారాల పుస్తకం. ఒక ఆకారం మీద సమీకరణాల లెక్క ఏ ఘాతం నుంచి సూత్రానికి లొంగుతుందో చెప్పే కొలతకు ఈనాడు కాస్తెల్నువొవో, మమ్‌ఫర్డ్‌ల పేర్లు కలిపి పెట్టారు. తాతా మనవళ్ల పేర్లు ఒకే మాటలో.

మా నెల్లూరు తీరానికి ఇందులో వాటా ఎంత అని అడిగితే, గణితంలో కాదు గాని, గణితానికి చోటు ఇవ్వడంలో కొంత ఉంది. రాజ్యాంగ రచనలో పేరు పడిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ 1883లో నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టారు. ఆయన కొడుకు అల్లాడి రామకృష్ణన్ 1962 జనవరిలో మద్రాసులో గణిత శాస్త్ర సంస్థను, అందరూ మాట్‌సైన్స్ అని పిలిచినదాన్ని, నిలబెట్టారు. 1984లో శేషాద్రి బొంబాయి వదిలి చేరింది ఆ సంస్థలోనే. అయిదేళ్ల తరవాత ఆయన మొదలుపెట్టిన బడి చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌గా పెరిగింది. నెల్లూరులో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం లోపు చేరే దూరం. ముసిలి 2001లో బీజీయ జ్యామితిని కొత్తగా చదివేవారి కోసం ఇంగ్లీషులో ఒక పాఠ్యపుస్తకం ఇచ్చారు. డిగ్రీ బీజగణితం గట్టిగా చదివిన పిల్లవాడు దాన్ని తెరవవచ్చు.

ఆ పుస్తకానికి వెళ్లే మెట్టు మన ఇంటర్ పుస్తకంలోనే ఉందని కూడా చెప్పాలి. 'వృత్త సరణులు' అన్న అధ్యాయం. ఒక వృత్తం సమీకరణానికి రెండోదాన్ని లాంబ్డా రెట్లు చేసి కలిపితే, రెండింటి ఉమ్మడి బిందువుల గుండా పోయే వృత్తాలన్నీ వస్తాయి. పిల్లలు దీన్ని నాలుగు మార్కుల లెక్కగా చేసేసి పేజీ తిప్పుతారు. సరణి అన్న ఆ మాటే కాస్తెల్నువొవో, ఎన్రీక్వెస్‌ల ఆయుధం. తలాన్ని దాని మీది వక్రాల సరణుల ద్వారా చూడడమే వాళ్ల పద్ధతి. మనం పరీక్షకు ముందు రోజు ఆ పేజీ చూసుకుని పోయేవాళ్లం.

ఇక మళ్లీ శాంకవాల దగ్గరికి. అయిదు శాంకవాలిస్తే వాటన్నింటినీ తాకే శాంకవాలు ఎన్ని? ఒక్కో నిబంధన ఆరో ఘాతం సమీకరణం, కాబట్టి ఆరును అయిదుసార్లు గుణించి 7776 అన్నాడు స్టైనర్. తప్పు. ఒకే గీతను రెండుసార్లు రాసుకుంటే అదీ శాంకవమే, అది ప్రతిదాన్నీ తాకినట్టే లెక్కకొస్తుంది. ఆ దొంగ జవాబులన్నీ కలిసి శాంకవాల అయిదు మితుల ప్రదేశంలో ఒక తలం అవుతాయి. దాని పేరు వెరొనీసె తలం, అదీ ఇటలీ పేరే. 1864లో శాల్ సరైన సంఖ్య చెప్పాడు, 3264. అయిదు మితుల్లోంచి నాలుగు మితుల్లోకి నీడ వేసినా తనను తాను తాకకుండా నిలిచే తలం ఇదొక్కటేనని 1901లో నిరూపించినవాడు సెవెరి. ఆ లక్షణాన్ని పెద్ద మితులకు సాగదీసి, 1980 ప్రాంతంలో రష్యాలో జాక్ అలాంటివి నాలుగే ఉన్నాయని తేల్చి, వాటికి సెవెరి పేరే పెట్టాడు. మితులు 2, 4, 8, 16. ఎనిమిది మితులది అయిదు మితుల ప్రదేశంలోని గీతల గ్రాస్‌మన్ ఆకారం. నాలుగూ జి బై పి కుటుంబానివే.

ఈ దారి మళ్లీ ఇటలీకీ చేరింది. 1976లో దె కొంచీని, ప్రొచేసి ప్రామాణిక ఏకపదులతో, ఏ సంఖ్యల మీదనైనా నిలిచే అచరాల సిద్ధాంతం రాశారు. 1981లో లక్ష్మీబాయి, దె కొంచీని కలిసి, షూబర్ట్ ఆకారాల అంకగణిత లక్షణాల మీద, ముసిలి 1972లో మొదలుపెట్టిన దారినే పొడిగిస్తూ ఒక వ్యాసం ప్రచురించారు. 1983లో దె కొంచీని, ప్రొచేసి సంపూర్ణ సమరూప ఆకారాల సిద్ధాంతం తెచ్చారు; శాల్ చెప్పిన 3264 దాంట్లో ఒక తేలిక ఉదాహరణ. ఈ వరస నాకు తెలిసేసరికి పట్టపుపాలెం కుర్రాడు మా కళాశాల దాటి చాలా కాలమైంది. ఇప్పుడు శాంకవాలు చెప్పేటప్పుడు ఆరు గుణకాల తరవాత బోర్డు మీద అనంతపు గీత ఒకటి గీసి, దాని మీద రెండు చుక్కలు పెట్టి, వృత్తాలు గీయడం మొదలుపెడుతున్నాను.